అరడుగు తక్కువ కొలకర్ర

నా రాతబల్ల మీద ఒక టేకు ముక్క ఉంటుంది. పొడవు అరడుగు. కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకున్నానని ఇంటికి వచ్చినవాళ్ళు అనుకుంటారు. ఇరవై నాలుగేళ్ళుగా అది నాతో ఉంది. ఈలోగా మూడు ఇళ్ళు మారాను. తెచ్చుకోలేక వదిలేసిన వస్తువులు ఎన్నో ఉన్నాయి. ఇది మాత్రం ప్రతిసారీ చేతిసంచిలో నా వెంట వచ్చింది. పట్టుకుంటే బరువేమీ ఉండదు. పారేద్దామని చేతిలోకి తీసుకున్న రోజులున్నాయి. పారేయలేదు. ఎందుకని? నేను చేసిన పనికి మిగిలిన సాక్ష్యం ఇదొక్కటే. ఇది కూడా పోతే నేను ఆ పని చేయలేదని నన్ను నేనే నమ్మించుకుంటానని భయం.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళ దగ్గర మనసు విప్పే అలవాటు మా ఇంట్లో లేదు. మా నాన్నగారు జ్వరంతో కాలిపోతూ కూడా వచ్చినవాళ్ళకు లేచి కూర్చుని కులాసాగా ఉన్నానని చెప్పేవారు. నేనూ అలాగే పెరిగాను. నడుము నిటారుగా పెట్టుకుని కూర్చోవడం తప్ప పెద్దలు ఇచ్చింది చివరకు నా దగ్గర ఏమీ మిగలలేదు. ఆ నిటారుతనం కోసమే నాకెంతో ఇష్టమైన మనిషికి అన్యాయం చేశాను. అతని పేరు పైడిరాజు అనుకుందాం. అసలు పేరు వేరు.

బొబ్బిలికీ విజయనగరానికీ మధ్య మాకు ఒక చిన్న ఎస్టేటు ఉండేది. పన్నెండు ఊళ్ళు. మద్రాసులో దొరలు చక్రాల బూట్లు కట్టుకుని చెక్క నేల మీద తిరగడం మా ముత్తాతగారు చూసి వచ్చారు. చూసి ఊరుకోలేదు. బర్మా టేకు పరిచి ఒక పెద్ద హాలు కట్టించారు. ఊళ్ళో దాన్ని చక్రాల సావిడి అనేవారు. నాకు ఊహ తెలిసేసరికి సావిడిలో సగం ధాన్యం బస్తాలే. మిగిలిన సగంలో మా నాన్నగారు నాకు చక్రాల మీద నిలబడడం నేర్పారు. ఆ ఆట నాతో ఆగిపోతుందని అనుకున్నాను.

నారాయణమ్మ అని మా పాత రైతుల ఇంటి కోడలు ధాన్యం చెరగడానికి సావిడికి వచ్చేది. పదేళ్ళ కొడుకు ఆమె వెంట వచ్చేవాడు. అతనే పైడిరాజు. గోనెపట్టా మీద కూర్చుని ఆ నున్నటి నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడకు జారుతూ ఉండేవాడు. ఒకరోజు అటు వెళ్ళి చూస్తే కూర్చుని లేడు. పట్టా మీద నిలబడి జారుతున్నాడు. ఒంటికాలి మీద. రెండో కాలు వెనక్కి చాపి, చేతులు రెండూ విప్పి, కళ్ళు మూసుకుని. నేను అప్పుడు ఇరవై రెండేళ్ళవాణ్ణి. చక్రాల మీద పుట్టి పెరిగినవాణ్ణనుకునే నాకు ఆ నిలకడ ఏనాడూ చేతకాలేదు. లోపలికి వెళ్ళి బీరువాలోంచి మా నాన్నగారి చక్రాల బూట్లు తెచ్చాను. బూటు ముందు భాగంలో గుడ్డ కుక్కి అతని కాళ్ళకు బిగించాను.

"పడతావు జాగ్రత్త," అన్నాను.

"పడితే లేస్తాను కదండీ బాబూ," అన్నాడు.

ఆ తరవాత తొమ్మిదేళ్ళు పొద్దున్నే మా ఇద్దరి పనీ అదే. నేను నేర్పానని అందరూ అంటారు. నిజం చెప్పాలంటే, నాకు వచ్చింది అతను ఆరు నెలల్లో నేర్చేసుకున్నాడు. ఆపైన ఇంగ్లండు నుంచి ఎప్పుడో తెప్పించిన ఒక పాత పుస్తకం ముందు పెట్టుకుని, బొమ్మలు చూసి, కింద రాసింది నేను తెలుగులో చెబుతుంటే అతను చేసేవాడు. నేను పుస్తకం తిరగేసి పట్టుకుని ఎడమను కుడి అని చెప్పిన రోజులూ ఉన్నాయి. అతను తప్పుగా కూడా అందంగా తిరిగేవాడు. గాలిలోకి లేచి రెండు చుట్లు తిరిగి దిగితే టేకు నేల మీద ఒక్కటే చప్పుడు. ఆ చప్పుడు కోసం నేను నిద్ర లేచేవాణ్ణి.

ఊళ్ళో నవ్వులు లేకపోలేదు. మొదటి పోటీకి మా హాల్లో మిగిలిన ఆఖరి మఖమలు తెర కోసి నారాయణమ్మ అతనికి దుస్తులు కుట్టింది. బొబ్బిలి బజారులో తళుకులు కొని ఒక్కొక్కటే అతికించింది. తండ్రి చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఒరే, మొగోడివేనేట్రా నువ్వు? ఆ తళుకులేటి, ఆ తిప్పుడేటి? ఊళ్ళో తలెత్తుకోనిస్తావేటి నన్ను?"

"ఆడు తిరిగితే నీకు గాలొస్తాది గానీ ఏటి పోతాది?" అంది నారాయణమ్మ, సూది నోట్లో పెట్టుకునే. "కూకుని సూడు."

కూర్చుని చూశాడు. విశాఖపట్నంలో రాష్ట్రస్థాయి పోటీల్లో కొడుకు మొదటివాడుగా వచ్చినప్పుడు, పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆయన భుజం పట్టుకుని ఊపేశాడు. "ఆడు మా వోడండీ. ఆ తళుకులోడు మా వోడు."

ఇక్కడి వరకు రాయడం తేలికగానే ఉంది. ఇక్కడే ఆగిపోవాలనీ ఉంది.

ఈ ఆట మీకు తెలియకపోవచ్చు. చలిదేశాల్లో మంచు మీద ఆడతారు. మా వైపు ఐసు చేపల పెట్టెల్లో తప్ప కనపడదు కాబట్టి చక్రాల మీద ఆడతాం. ఇందులో రెండు భాగాలు. ఒకటి, పాటకు తగ్గట్టు ఎగురుతూ తిరుగుతూ చేసేది. చూసేవాళ్ళకు ఆట అంటే అదే. రెండోది గీత. నేల మీద సున్నాలు గీసి ఉంటాయి. సున్నా ఈ అంచు నుంచి ఆ అంచుకు ఆరు మీటర్లు. ఒంటికాలి మీద, ఒకే వాలులో, చక్రాలు ఆ గీతను వదలకుండా చుట్టి రావాలి. పాట ఉండదు, చప్పట్లు ఉండవు. తీర్పు చెప్పేవాళ్ళు నడుం వంచి చక్రాల వెనకే నడుస్తారు. ఒళ్ళు ఎంత వాల్చాలన్నది కంటితో తేల్చుకునేది కాదు. ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి కాలు ఆ సున్నాను కంఠతా పట్టాలి. ఒకసారి పట్టిందంటే ఇక మరిచిపోదు. రెండు భాగాల మార్కులూ కలిపితేనే పతకం.

సావిడిలో ఆ సున్నాలు గీసింది నేను. పైడిరాజుకు అప్పుడు పద్నాలుగేళ్ళు. గీసింది మా కొలకర్రతో.

ఆ కర్ర సంగతి చెప్పాలి. మా పన్నెండు ఊళ్ళ భూమినీ కొలిచిన కర్ర అది. పొడవు పది అడుగులు. రెండు చివరలా తొడిగిన ఇత్తడి పొన్ను, పొన్ను మీద మా ఇంటి ముద్ర. ఎస్టేటు పోయినా దాని మర్యాద పోలేదు. ఊళ్ళో ఎవరు ఇంటికి పునాది తీసినా, కళ్ళం చదును చేసినా, ముందుగా ఆ కర్ర నేల మీద వేయించుకునేవారు. మా ఇంటి మగవాడే తీసుకెళ్ళి వేయాలి. వాళ్ళు పసుపు రాసి దండం పెట్టుకునేవారు. అలా వేస్తే ఆ కట్టడం నిలుస్తుందని నమ్మకం. అన్నీ పోయాక నన్ను ఎవరైనా పిలిచారంటే ఆ పనికే. కాబట్టి సావిడిలో సున్నా గీయడానికి ఇంకొక కొలత కోసం వెతకాలన్న ఆలోచనే నాకు రాలేదు. సున్నా మధ్య నుంచి గీతకు మూడు మీటర్లు, అంటే పది అడుగులకు రెండంగుళాలు తక్కువ. కర్ర ఒక చివరను మేకు దగ్గర అదిమి, రెండో చివర సరిగ్గా రెండంగుళాలు వదిలి సుద్ద కట్టి తిప్పాను. తరవాత తెల్లరంగు వేశాను. ఆ రెండంగుళాలు లెక్క కట్టినందుకు ఎంత గర్వపడ్డానో.

ఐదేళ్ళు పైడిరాజు ఆ సున్నాల మీద తిరిగాడు. రాష్ట్ర పోటీల్లో అక్కడి గీత మీద కొంచెం తడబడిన మాట నిజం. సిమెంటు నేల కదా అనుకున్నాం. పాటకు ఆడిన ఆటలో అందరినీ దాటేశాడు కాబట్టి ఆ తడబాటు ఎవరికీ గుర్తులేదు. తరవాత దేశం మొత్తం మీద జరిగే పోటీలకు ఎంపికయ్యాడు. అక్కడ మొదటి మూడు స్థానాల్లో ఏదో ఒకటి వస్తే, ఆటగాళ్ళకు ఇచ్చే ఉద్యోగం వస్తుందన్నారు. నారాయణమ్మ చెరగడానికి వచ్చినప్పుడల్లా నన్ను ఒకటే అడిగేది. "ఒస్తాది కదండీ బాబూ?" వస్తుందనేవాణ్ణి. నిజంగానే నమ్మాను.

పోటీకి నలభై రోజుల ముందు సావిడి నేలలో ఒక పలక చెదపట్టింది. సరిగ్గా మా కర్రంత పలక. బొబ్బిలి కోతమిల్లులో పది అడుగుల పలక కోయించమని వడ్రంగితో చెప్పాను. తెచ్చాడు. పట్టలేదు. అరడుగు ఎక్కువగా ఉంది. పది అడుగులు కోయమంటే పదిన్నర కోయించావేమని కేకలు వేశాను. అతను వయసులో పెద్దవాడు. నడుముకున్న స్టీలు టేపు తీసి ముందు పలక మీద పరిచాడు. పది అడుగులు. తరవాత గోడకున్న మా కర్ర దింపి దాని మీద పరిచాడు.

"నానేటీ అన్నండి. మీరే సూసుకోండి," అన్నాడు.

తొమ్మిదిన్నర.

కర్ర అరిగిపోయి ఉంటుందేమో అనుకున్నాను. పొన్నులు రెండూ చెక్కుచెదరలేదు, ముద్రలు నిగనిగలాడుతున్నాయి. అది తగ్గింది కాదు. అలా చేయించింది. పొట్టి కర్రతో కొలిస్తే పొలం ఎక్కువ లెక్కకు వస్తుంది. పదెకరాల రైతు పదకొండు ఎకరాలకు శిస్తు కట్టి ఉంటాడు. ఒక ఏడు కాదు, మూడు తరాలు. పైడిరాజు తాత కూడా అందులో ఉన్నాడు. ఇళ్ళకూ కళ్ళాలకూ శుభమని పసుపు రాయించుకున్న కర్ర అది.

వడ్రంగితో ఒకే మాట అన్నాను. "పలక కోసెయ్." అతను అరడుగు కోసేశాడు. ఆ ముక్కే ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది. అతను వెళ్ళేటప్పుడు, ఈ సంగతి బయట అనవద్దని నేను చెప్పలేదు. చెప్పనవసరం లేకుండా చూశాను. ఆ చూపు మా ఇంట్లో అందరికీ వచ్చు.

నలభై రోజులు. సున్నాలు చెరిపి మళ్ళీ గీయడానికి ఒక పూట చాలు. అతని కాలు కొత్త సున్నాను పట్టడానికి నలభై రోజులు సరిపోయేవో లేదో తెలియదు, కొంతైనా పట్టేది. ఎందుకు గీయలేదు? నన్ను నేను వందసార్లు అడిగాను. పాత గీత మచ్చ టేకు మీద కనిపిస్తుందని, అతను "ఎందుకు బాబూ" అంటాడని, అన్నాక చెప్పాల్సి వస్తుందని. చెబితే అతని తండ్రికి తెలుస్తుంది, ఊరికి తెలుస్తుంది, పన్నెండు ఊళ్ళకూ తెలుస్తుంది. ఇక ఎవరూ పునాదికి పిలవరు. ఇంతేనా? ఇంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఉంటే బాగుండునని ఎన్నోసార్లు వెతికాను. దొరకలేదు. జానెడు కూడా లేని తేడా, అతనికి ఒక లెక్కా అని సర్దిచెప్పుకున్నాను. ప్రతి పొద్దూ కుర్చీ వేసుకుని కూర్చుని, అతను ఆ చిన్న సున్నా మీద వెంట్రుకవాసి కూడా తొణక్కుండా తిరగడం చూశాను. అంత చక్కగా ఒక తప్పును ఎవరైనా నేర్చుకోగలరా? నేర్పినవాడు చూస్తూ కూర్చోగలడా?

పోటీ ఉత్తరాదిలో. రెండు రాత్రుల రైలు ప్రయాణం. నారాయణమ్మ కట్టి ఇచ్చిన జంతికల డబ్బా, తళుకుల దుస్తుల పెట్టె, మేమిద్దరం. ముందురోజు సాయంత్రం సాధనకు నేల ఇచ్చారు. నున్నటి నేల, సన్నటి నల్లగీతలు. పైడిరాజు గీతకు ఎప్పుడూ వాడే ఎడమకాలి మీద బయలుదేరాడు. పావు సున్నా దాటేసరికి చక్రాలు గీత లోపలికి జారాయి. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ లోపలికే. నాలుగుసార్లు అయ్యాక నా దగ్గరకు వచ్చాడు. నేను కటకటాల ఇవతల నిలబడి ఉన్నాను. నా పక్కన వేరే రాష్ట్రాల శిక్షకులు ఇద్దరు ముగ్గురు ఉన్నారు.

"బాబూ, ఈ సున్నా మన సున్నా కాదండి."

"అంటే?"

"పెద్దది లాగున్నాది. నా కాలు లోపలికే లాగీస్తన్నాది." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మన గీతేమన్నా సిన్నదేటండి?"

అప్పటికీ చెప్పవచ్చు. ఒక్క మాట. అవును చిన్నదే, ఒళ్ళు కొంచెం తక్కువ వాల్చు, ఈ గంటా అదే చెయ్యి, అంటే చాలు. గెలిచేవాడో కాదో ఎవరికి తెలుసు? కాని తప్పు ఎక్కడుందో తెలిసి ఆడేవాడు. నేను నడుము ఇంకొంచెం నిటారుగా పెట్టాను. నాకు గుర్తుంది, శరీరం తనంతట తనే ఆ పని చేసింది.

"మా కర్ర మూడు తరాలు భూమిని కొలిచింది. గీత తప్పదు పైడిరాజూ. కాలే తప్పుతుంది."

అతను వంగి తన ఎడమకాలి వైపు చూసుకున్నాడు. అప్పటి వరకు తనది కానట్టు చూశాడు.

"అంతే లెండి," అన్నాడు. "బయమేసుంటాది దానికి."

మర్నాడు గీతలో చివరి నుంచి రెండోవాడుగా వచ్చాడు. ఆ తరవాతి రోజు పాటకు ఆడాడు. ఆ ఆట గురించి ఏం చెప్పను? గెలుపు చేయి దాటిపోయిందని తెలిసిన మనిషి, మఖమలు తెర కట్టుకుని, తనకోసం కాక ఎవరికోసమో తిరిగినట్టు తిరిగాడు. హాలంతా లేచి నిలబడింది. నేను మాత్రం లేవలేకపోయాను. మార్కులు కలిపితే ఆరోస్థానం. ఉద్యోగం లేదు.

తిరుగు రైల్లో ఒడిశా దాటుతుండగా జంతికల డబ్బా నా ముందు పెట్టి, "మీ పరువు తీసీసేనండి బాబూ," అన్నాడు. నేను ఒక జంతిక తీసుకుని తిన్నాను. అవును, తిన్నాను.

ఆపైన అతను గీత జోలికి పోలేదు. గీత లేకుండా పాటకు మాత్రమే విడిగా పెట్టే చిన్న పోటీలకే ఐదేళ్ళు వెళ్ళాడు. ఒకసారి కంచు పతకం వచ్చింది కాని, దానికి ఉద్యోగం ఇవ్వరు. నారాయణమ్మ అతన్ని రామతీర్థం తీసుకెళ్ళి ఆ కాలి పేరున మొక్కింది. మడమకు నల్లతాడు కట్టింది. అతనే ఆ కాలికి దొంగకాలని పేరు పెట్టాడు. తరవాత స్కూలు బస్సు నడిపాడు, పెళ్ళి చేసుకున్నాడు, సాయంత్రాలు స్కూలు ఆవరణలో పిల్లలకు చక్రాలు నేర్పాడు. "ఒసే గుంటా, కుడికాలు మీద నిలబడు. ఎడంకాలుని నమ్మకు. నా ఎడంకాలు ఏటి సేసిందో తెల్సా?" అని నవ్వుతూ ఆ పోటీ కథ చెప్పేవాడు. ఆ కథ చివర ఎప్పుడూ నా మాటే. బాబుగారు చెప్పారు, గీత తప్పదు, కాలే తప్పుతుంది. పిల్లలు నా వైపు భక్తిగా చూసేవారు. నేను తల ఊపేవాణ్ణి.

సావిడి తుపానుకు కూలిపోయింది. ఊరు వదిలి విజయనగరంలో అద్దె ఇంటికి వచ్చాను. కొలకర్ర గదిలో పట్టక వరండాలో చూరు కింద వేలాడదీశాను. ఇంటామె బట్టలు ఆరేసుకుంటానంటే ఒప్పుకోలేదు. పైడిరాజు నెలకొకసారి వచ్చేవాడు. చేపల కూర గిన్నె తెచ్చేవాడు. చూరు కిందకు వెళ్ళి కర్రను చేత్తో తాకి మరీ లోపలికి వచ్చేవాడు.

మొన్న వేసవిలో వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. ఊరి చివర స్థలం లీజుకు తీసుకుని సొంతంగా పిల్లలకు నేల వేయించానన్నాడు. ఆదివారం మొదలు. "మీ కర్రా మీరూ బేగి రావాల. మొదటి సున్నా మీ సేత్తోనే గియ్యాల. ఆ పైన ఆ కర్ర మా గోడకే ఉండిపోవాలండి. అద్దాల పెట్టె కూడా సేయించీసేను."

ఆ వారం నేను స్టీలు టేపు ఒకటి కొన్నాను. కొట్టువాడు ఎన్ని మీటర్లదని అడిగితే మూడని వేళ్ళతో చూపించాను. పిల్లలు, ఇంకొక పాతికమంది, ఆ చిన్న సున్నా మీద కాళ్ళు పాడుచేసుకుంటారు. ఈసారి ఊరుకుంటే నన్ను ఏమనాలి?

ఆదివారం పొద్దున్నే ఆటో పైన కర్ర పొడుగునా కట్టించుకుని వెళ్ళాను. ముందూ వెనకా ఎర్రగుడ్డ కట్టాల్సి వచ్చింది. జేబులో ఆ టేకు ముక్క ఉంది. పిల్లలు ఇంకా రాలేదు. పైడిరాజూ భార్యా నేల తుడుస్తున్నారు. ఎదురుగోడ మీద నీలిరంగుతో చేతివెడల్పు అక్షరాలు: గీత తప్పదు, కాలే తప్పుతుంది. కింద చిన్నగా, బాబుగారి మాట.

కర్ర కింద పెట్టాను. జేబులోంచి టేపు తీశాను.

"టేపెందుకండి, కర్రుండగా?"

"కర్ర పొట్టిది," అన్నాను. ఇంకేదో అనాలి. "నువ్వే వేసి చూడు."

వేశాడు. తొమ్మిదిన్నర దగ్గర అతని బొటనవేలు ఆగిపోయింది. అటు నుంచి ఇటు ఒకసారి, ఇటు నుంచి అటు ఒకసారి. తరవాత నేల మీద చతికిలబడ్డాడు. మొహంలో ఏముందో చూడడానికి నాకు ధైర్యం లేకపోయింది. ఎడమకాలి మడమను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఒరే నా కాలా," అన్నాడు మెల్లగా. "ఇన్నేళ్ళు నిన్ను తిట్టేనురా."

భార్య చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కాసేపటికి అతనికి ఇంకేదో తట్టింది. తలెత్తి నా వైపు చూశాడు. పకపకా నవ్వేశాడు.

"అయితే బాబూ, మా తాత కాడ పదెకరాలకి పదకొండు ఎకరాల సిస్తు లాగీసేరన్నమాట మీవోళ్ళు! ఒసే, ఇన్నావేటే?"

ఏ మాట బయట పడకూడదని అతని జీవితాన్ని పణంగా పెట్టానో, ఆ మాట అతని నోట ఒక నవ్వుగా వచ్చి పోయింది. అంతే. ఆకాశం కూలలేదు. దానికోసమేనా నేను అంత పని చేశాను?

నవ్వు ఆగాక అడిగాడు. మామూలుగానే అడిగాడు.

"మీకెప్పుడు తెల్సిందండి?"

జేబులో చెయ్యి పెట్టాను. ముక్క వేళ్ళకు తగిలింది. తీసి కర్ర చివర పెడితే చాలు. ఇది ఎక్కడిదని అడిగేవాడు, నేను చెప్పేవాణ్ణి.

"మొన్న," అన్నాను. "ఈ టేపు కొన్నాక."

అతను లేచి వచ్చాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. ముప్ఫై మూడేళ్ళలో అతను నన్ను అలా తాకడం అదే మొదలు. "మీరేటి సేస్తారండి. తాతల నాటి కర్ర. మీకేటి తెలుస్తాది? బాద పడకండి." నన్ను ఓదార్చాడు. నేను ఓదార్పు తీసుకున్నాను, అప్పుడు జంతిక తీసుకున్నట్టే.

టేపుతో కొలిచి ఇద్దరం కలిసి సున్నా గీశాం. అతను బూట్లు బిగించుకుని ఎడమకాలి మీద బయలుదేరాడు. నలభై మూడేళ్ళ కాలు. లోపలికే జారింది. రెండోసారి తక్కువ వాల్చాడు. మూడోసారి ముప్పావు సున్నా గీత మీదే వచ్చాడు. నాలుగోసారికి పూర్తిగా చుట్టి నా ముందు ఆగాడు, చిన్నపిల్లవాడిలా రొప్పుతూ. నాలుగు చుట్లు. అప్పుడు ఆ ఊళ్ళో, ఆ సాయంత్రం, మాకు ఒక గంట ఉంది.

సున్నం తెప్పించి గోడ మీద మాట తనే కొట్టేశాడు. "ఇక్కడేటి రాయమంటారు బాబూ?" అని అడిగాడు. ఆలోచించి చెబుతానన్నాను. గోడ ఇంకా ఖాళీగానే ఉంది. నిన్న కూడా అడిగాడు.

కర్రది తప్పని చెప్పి వచ్చాను కదా, ఇక చాలదా అని ఈ నెల రోజులూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. చాలదు. పొట్టి కర్ర మా పెద్దలది. అతను క్షమించింది వాళ్ళను. నేను చేసింది అతనికి ఇంకా తెలియదు. అందుకే ఇది రాశాను. దీని ప్రతి ఒకటి, ఈ టేకు ముక్కతో కలిపి, అతని చేతికి ఇస్తాను. చదివాక చేపల కూర గిన్నె మళ్ళీ వస్తుందో రాదో తెలియదు. రాకపోతే అడిగే హక్కు నాకు లేదు. భుజం మీద అతను వేసిన చెయ్యి మాత్రం నాది కాదు, అది తిరిగి ఇచ్చేయాలి.

పైడిరాజూ, పోటీకి నలభై రోజుల ముందు సావిడిలో వడ్రంగి టేపు వేశాడు. ఆ రోజే తెలిసింది. కటకటాల దగ్గర నువ్వు నన్ను అడిగినప్పుడు నాకు తెలుసు. తెలిసే, నీ కాలిదే తప్పన్నాను.

ఈ నాలుగు మాటలూ రాశాక కలం కింద పెట్టి కుర్చీలో వెనక్కి వాలాను. నడుము కాసేపు వంగింది. వంగనిచ్చాను.